అధీకృత ఆలింగన సంచి

మా మండలిలో గోనె సంచిని ఎలా పట్టుకోవాలో చెప్పే నిబంధనలు నూట పన్నెండు ఉన్నాయి. మనిషిని ఎలా పట్టుకోవాలో చెప్పే నిబంధన మాత్రం నిరుటి వేసవి దాకా ఒక్కటీ లేదు. ఇంత పెద్ద లోటు ఇన్నేళ్ళు ఎవరి కంటా పడకపోవడం వింతే. పడడానికి నేను కారణమయ్యాను.

మాది గోనె సంచుల నాణ్యతా మండలి, తణుకు డివిజనల్ కార్యాలయం. ధాన్యం నింపడానికి వచ్చే కొత్త సంచులు మా దగ్గరికి లాట్లుగా వస్తాయి. లాటుకి వెయ్యి. అందులో పది తీసి, తూచి, తేమ చూసి, రెండు వైపులా యంత్రానికి తగిలించి చిరిగేదాకా లాగుతాం. ఎంత బలానికి చిరిగాయో రాసుకుంటాం. ఆ పదీ గట్టివని తేలితే మిగిలిన తొమ్మిది వందల తొంభైని ముట్టుకోకుండానే ‘ఆమోదితం’ అని ముద్ర కొట్టి పంపిస్తాం. అంటే గట్టివని మాకు రూఢిగా తెలిసిన సంచులన్నీ చిరిగిపోయి ఉంటాయి. వాడకానికి వెళ్ళేవి మేము చూడనివి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇందులో లోపం ఉందని ఎవరూ అనలేదు.

ఒక్కసారి మాత్రం చిక్కు వచ్చింది. ఉండ్రాజవరం నుంచి ఒక రైతు ఒకే ఒక్క సంచి పట్టుకొచ్చి, ఇది మంచిదో కాదో చూసి ఇమ్మన్నాడు. చూస్తే చిరుగుతుంది. చిరిగితే ఇవ్వడానికేమీ ఉండదు. పుస్తకమంతా వెతగ్గా ముప్పై ఏడో నిబంధన దొరికింది: ‘ఒకే సంచి గల సరుకును యంత్రమున పరీక్షింపరాదు. కంటితో చూచి ఆమోదింపవలెను.’ కంటితో చూశాను. బాగానే ఉంది. ఆయన సంచిని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ నిబంధనతో మళ్ళీ పని పడలేదు.

నిరుడు ఫిబ్రవరిలో మా ఆవిడ పోయింది. కార్యక్రమాలన్నీ అయ్యాక ఒక సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. నేను లోపలికి రాగానే హాల్లో ఎనిమిది తలలు ఫైళ్ళలోకి వంగాయి. వాళ్ళని తప్పు పట్టను. పెళ్ళాం పోయినవాడితో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. అంతకు ముందు నాకూ తెలియదు. సీనియర్ అసిస్టెంట్ కనకవల్లి గారు నా బల్ల మీద పేరుకున్న ఫైళ్ళన్నీ తనే పూర్తి చేసి, కొత్త దారం కట్టి, వరసగా పెట్టి ఉంచింది. ఆ మాట చెప్పలేదు. “మంచినీళ్ళు మార్చానండి అన్నయ్యగారూ,” అని మాత్రం అంది.

మా అసిస్టెంట్ డైరెక్టరు విశ్వనాథరాజు గారు లోపలికి పిలిచి, ఫ్యాను వంక చూస్తూ దైవ నిర్ణయమన్నారు. సెలవు ఫారం నా వైపు జరిపారు. మధ్యలో రెండు ఆదివారాలు వచ్చాయి, అవి మినహాయించి రాయమని గుర్తు చేశారు. చెడ్డవాడు కాదు. పై ఆఫీసంటే భయం, అంతే.

తిరిగొచ్చి కూర్చున్నాను. మా దఫేదారు ఏసుపాదం టీలు పట్టుకొచ్చాడు. అతను పదిహేనేళ్ళుగా నా బల్ల మీద గ్లాసు పెట్టేటప్పుడు ఒకే మాట అడుగుతాడు. ఆ రోజూ చెయ్యి గ్లాసు పెట్టింది, నోరు దాని అలవాటున అది అడిగేసింది.

“ఇయ్యాల అమ్మగారు ఏం కూర పెట్టారండి?”

అన్నాక అతనికి తెలిసింది. నాకూ అప్పుడే నిజంగా తెలిసింది. క్యారేజీ తేలేదు నేను. అతను ట్రే కింద పెట్టాడు. నా కుర్చీ దగ్గరికొచ్చి నన్ను లేపి రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. పదిహేను రోజులుగా మంత్రాల మధ్యా, బంధువుల మధ్యా రాని ఏడుపు అతని భుజం మీద వచ్చింది. ఖాకీ చొక్కా బట్టల సబ్బు వాసనా, యాలకుల వాసనా వేసింది. ఎంతసేపో తెలియదు. తర్వాత అతను ట్రే తీసుకుని, టీ చల్లారిపోయింది, మళ్ళీ తెస్తానని వెళ్ళాడు. ఆ రోజు నేను మూడు లాట్లు పూర్తి చేశాను.

సంచులు మాయం కాకుండా హాలు గోడకి కెమెరా పెట్టించారని, దాని బొమ్మ విజయవాడలో మా ప్రధాన కార్యాలయానికి వెళ్తుందని మా అందరికీ తెలుసు. ఏడో రోజున ఉత్తరం వచ్చింది.

‘విషయం: తణుకు డివిజనల్ కార్యాలయము – పనివేళలలో ఇరువురు సిబ్బంది కావిలించుకొనుట – ముందస్తు అనుమతి కానరాకుండుట – సంజాయిషీ కోరుట – గురించి.’

కింద ఇంకో వాక్యం ఉంది. సంజాయిషీ తృప్తికరముగా లేనిచో, కావిలింతకు ఉపక్రమించిన నాలుగో తరగతి ఉద్యోగి ఆదోని డిపోకు బదిలీ చేయబడునట.

ఏసుపాదానికి రిటైరు కావడానికి ఎనిమిది నెలలుంది. భార్య మరియమ్మకి షుగరు వల్ల చూపు పోయి మూడేళ్ళయింది. రోజూ పన్నెండున్నరకి సైకిలెక్కి పైడిపర్రులో ఇంటికెళ్ళి, కంచంలో అన్నం కలిపి పెట్టి, ఆమె తినేదాకా కూర్చుని, గిన్నెలు కడిగి, రెండింటికల్లా తిరిగొస్తాడు. పిల్లలు లేరు. ఆదోని ఎంత దూరమని నన్ను అడిగాడు. రైల్లో ఒక పగలో, ఒక రాత్రో పడుతుందన్నాను. కాసేపు లెక్క వేసుకున్నాడు.

“అయితే మజ్జానం అన్నానికి అందుకోలేనండి,” అన్నాడు.

సంజాయిషీ రాసే పని నాదే. సూపరింటెండెంటు నేనే, కావిలింత పడ్డవాణ్ణీ నేనే. ఉత్తరంతోపాటు ఒక ఫారం జత చేశారు. అందులో ‘సంస్పర్శకుడు’ అని ఒక గడి, ‘బాధితుడు’ అని ఒక గడి ఉన్నాయి. మొదటి గడిలో ఏసుపాదం పేరు రాశాను. రెండో గడి దగ్గర కలం ఆగింది. నేను బాధలోనే ఉన్నాను గానీ ఆ బాధ అతను పెట్టింది కాదు. ‘బాధితుడు’ కొట్టేసి ‘మేలు పొందినవాడు’ అని రాసి పంపించాను. అదే నేను చేసిన పొరపాటు.

మేలు పొందినవాడు ఒకడున్నాడంటే మేలు ఒకటి జరిగినట్టు. మేలు జరిగిందంటే అది మండలి చెయ్యాల్సిన మేలే. మండలి చెయ్యాల్సిన మేలు నాలుగో తరగతి ఉద్యోగి తనంతట తాను, అర్హత చూడకుండా, దరఖాస్తు లేకుండా, ఎలా చేశాడు? ఈ ప్రశ్న తేల్చడానికి ‘ఆలింగన ఔచిత్య నిర్ధారణ సంఘం’ ఏర్పాటయింది. ఏప్రిల్లో జీపు దిగారు. అధ్యక్షులు జాయింటు డైరెక్టరు కోదండపాణి గారు, సభ్యులు తనిఖీ అధికారి జగన్నాయకులు గారు.

ఆ రెండో పేరు విని కనకవల్లి గారు ఫైలు మూసింది. ఆయన తనిఖీకి వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళ బల్లల దగ్గర నిలబడి, రిజిస్టరు చూస్తూ భుజం మీద చెయ్యి వేస్తాడు. మూడేళ్ళ కింద ఆవిడ రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది. ‘భుజము అను పదము మండలి నిబంధనలలో నిర్వచింపబడనందున చర్య తీసుకొనుటకు వీలుపడదు’ అని జవాబొచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ ఆవిడ సొరుగులో ఉంది.

“నేను వద్దన్న చెయ్యికి రూల్సు లేవన్నారు. మీరు కావాలనుకున్న చెయ్యికి కమిటీ వేశారు,” అంది నాతో.

కోదండపాణి గారు హాలు మధ్యలో నిలబడి మమ్మల్ని ఉద్దేశించి మాట్లాడారు. “ఆలింగనమును మండలి వ్యతిరేకించుట లేదు. ఆధునిక కార్యాలయములలో ఆలింగనము ఉత్పాదకతను పెంచునని పై స్థాయిలో అభిప్రాయము కలదు. మండలి వ్యతిరేకించునది ప్రమాణరహిత ఆలింగనమును మాత్రమే.”

రెండు వారాల్లో ప్రమాణాలు తయారయ్యాయి. సంచుల పుస్తకం చేతిలో ఉంది గనక పెద్ద శ్రమ పడలేదు. సంచి మూతి వెడల్పు అన్న చోట ఛాతీ వెడల్పు వచ్చింది. కుట్టు బలం అన్న చోట బిగింపు వచ్చింది. సంచిని ఎత్తు నుంచి పడేసి చూసే పరీక్ష ఒకటి మాత్రం చాలా చర్చించి వదిలేశారు. సమాన హోదా గలవారి మధ్య ఆరు సెకన్లు. పై హోదా నుంచి కింది హోదాకు నాలుగు. కింది నుంచి పైకీ నాలుగే, కానీ ఆ ఆలింగనం సరైన మార్గంలో, అంటే మధ్యనున్న అధికారులందరి ద్వారా వెళ్ళాలి. వాళ్ళందరూ కావిలించుకోనక్కరలేదు, సంతకం చేస్తే చాలు. స్త్రీ పురుషుల మధ్య ఒక ఫైలు మందం దూరం ఉండాలి. ఆ ఫైలు మండలే సరఫరా చేస్తుంది. దుఃఖం ఉన్నట్టు తహసీల్దారు ధ్రువపత్రం జత చెయ్యాలి.

ఇది చదివి వినిపిస్తున్నప్పుడు కనకవల్లి గారు లేచింది. సొరుగులోంచి ఆ పాత కాగితం తీసి అధ్యక్షుల ముందు పెట్టింది.

“ఇన్ని కొలతలు పెట్టారు, చాలా సంతోషమండి. భుజం కూడా ఇప్పుడే నిర్వచించేయండి సార్. జగన్నాయకులు గారు ఇక్కడే ఉన్నారు, నమూనాకి ఆయన చెయ్యి తీసుకుని యంత్రానికి తగిలిద్దాం. ఎంత బలానికి వస్తుందో చూడొచ్చు.”

జగన్నాయకులు గారికి దగ్గు వచ్చింది. కోదండపాణి గారికి ఆ కాగితం కొత్త. ఆయన చదివారు, సభ్యుడి వంక ఒకసారి చూశారు, కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయనలో ఉన్న మంచి ఏమిటంటే, ఖాళీ కనిపిస్తే పూరించకుండా ఉండలేరు. ‘భుజము: మెడ మొదలు మోచేయి వరకు. తనిఖీ అధికారులు మూరెడు దూరమున నిలువవలెను’ అని అక్కడికక్కడే చేర్పించారు. మూడేళ్ళలో రానిది మూడు నిమిషాల్లో వచ్చింది. ఆవిడ కాగితం మడిచి మళ్ళీ సొరుగులోనే పెట్టుకుంది. ఈ వ్యవహారం మొత్తం మీద ప్రమాణాల వల్ల జరిగిన మంచి ఇదొక్కటేనని నా లెక్క.

ప్రమాణాల కింద మొదటి ఆలింగనం రికార్డు అసిస్టెంటు పెంటయ్యకి మంజూరైంది. అతని అత్తగారు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుందని దరఖాస్తు పెట్టాడు. ధ్రువపత్రం వచ్చి, సంతకాలయి, ఉత్తర్వు చేతికొచ్చేసరికి నలభై రెండు రోజులైంది. ఈలోగా అత్తగారు కర్ర పక్కన పడేసి నడుస్తోంది. తనకిప్పుడు అవసరం లేదని అతను విన్నవించుకున్నాడు. మంజూరైన దుఃఖం మురిగిపోకూడదని, మురిగితే వచ్చే ఏడాది మన డివిజన్‌కి తగ్గించేస్తారని విశ్వనాథరాజు గారు బతిమాలారు. శుక్రవారం మూడింటికి అందరం నిలబడగా ఆరు సెకన్లు జరిగింది. కావిలించుకోవడానికి నియమితుడైన స్టోరుకీపరు చెవిలో పెంటయ్య, అత్తగారు కొబ్బరి లౌజు పంపిందని చెప్పాడట. ఇద్దరికీ నవ్వాగలేదు. ‘దుఃఖ నివారణ: సంపూర్ణం’ అని నేను రిజిస్టరులో రాశాను.

బిగింపు కొలవడం దగ్గర కొత్త సమస్య వచ్చింది. ఒకడి పక్కటెముకలు ఒకలా, ఇంకొకడివి ఇంకోలా ఉంటాయి. మనిషి ప్రామాణిక వస్తువు కాడు. అందుకని కోదండపాణి గారు కొత్త గోనె సంచిలో ఊక నింపించి, మూతి కుట్టించి, కుర్చీలో కూర్చోబెట్టారు. దానికి ‘నమూనా సహోద్యోగి’ అని పేరు. సిబ్బంది అంతా ముందు దాని మీద అభ్యాసం చేసి, బిగింపు సరిపోయిందనిపించుకుని, అప్పుడు మనుషుల దగ్గరికి వెళ్ళాలి.

వారం రోజులు ఆ సంచిని చూశాక అధ్యక్షులవారికి గొప్ప ఆలోచన వచ్చింది. ఈ సంచికి హోదా లేదు. ఆడా మగా కాదు. ఫిర్యాదు చెయ్యదు. ఎవరి మీదా పక్షపాతం లేదు. సెలవు పెట్టదు. అన్నిటికీ మించి వాంగ్మూలం ఇవ్వదు. మనుషులు మనుషుల్ని కావిలించుకోవలసిన అగత్యమే ఏముంది? జూన్ ఇరవయ్యో తారీకు నుంచి మనుషుల మధ్య ఆలింగనాలు రద్దయ్యాయి. దుఃఖంలో ఉన్న ఉద్యోగి ‘అధీకృత ఆలింగన సంచి’ని వినియోగించుకోవచ్చు. రిజిస్టరులో పేరు, సమయం, దుఃఖ కారణం రాస్తే చాలు.

సంచికి హాల్లో ఆగ్నేయ మూల చోటు ఇచ్చారు, పారదర్శకత కోసం సరిగ్గా కెమెరా ఎదురుగా. రెండు చేతుల కుర్చీ, మీద ఫ్యాను. ఏసుపాదం ముప్పై నాలుగేళ్ళుగా తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు, అక్కడ ఫ్యాను గాలి రాదు. సంచి పొట్ట మీద ‘ఆమోదితం’ ముద్ర నేనే కొట్టాను. ప్రతి సోమవారం తేమ చూడాలి. కన్నీళ్ళ వల్ల తేమ పద్నాలుగు శాతం మించితే సంచిని తిరస్కరించాలి. అందుకని దుఃఖం ఆ లోపల ఉండేలా సిబ్బంది చూసుకోవలసిందని సర్క్యులరు వచ్చింది.

ఆ సంచిని వాడుకున్నవాళ్ళు తక్కువ. రోజూ దాన్ని రెండు చేతులా వాటేసుకునేది ఏసుపాదం ఒక్కడే. పొద్దున ఎండలో పెట్టడానికీ, సాయంత్రం లోపల పెట్టడానికీ దాన్ని మొయ్యాలి మరి. మోత పని ఆలింగనం కిందికి రాదని వివరణ తెప్పించుకున్నాం.

ఇంత జరిగినా అసలు ఫైలు మూతపడలేదు. ఫిబ్రవరి నాటి కావిలింత తగినదా, తగనిదా? జూలైలో సంఘం దాన్ని తేల్చడానికి మళ్ళీ వచ్చింది. ఆ రోజు జరిగింది జరిగినట్టు మళ్ళీ చేసి చూపిస్తే కొలుస్తామన్నారు. నా నడుం చుట్టూ ఒక పట్టీ బిగించి, దాని తీగ యంత్రానికి తగిలించారు. పెంటయ్య చేతికి గడియారం ఇచ్చారు. ఏసుపాదం ట్రే కింద పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేతులు కొంచెం పైకి లేచి ఆగిపోయాయి. ఉపక్రమించమని కోదండపాణి గారు ఆజ్ఞాపించారు.

“ఎలాగండి?” అన్నాడు ఏసుపాదం. “ఆ రోజు సూపర్నెంటు గారు పడిపోయేలా ఉన్నారండి. ఇయ్యాల నిలబడే ఉన్నారు. నిలబడ్డోళ్ళని ఏవని పట్టుకోనండి?”

కోదండపాణి గారు దీన్ని నిరాకరణగా నమోదు చేయించారు. చేసి చూపలేని ఆలింగనం ప్రమాణరహితం. ప్రమాణరహితమైనది తిరస్కృతం. తిరస్కృతమైన సరుకును వచ్చిన చోట ఉంచకుండా పంపించెయ్యాలి. ఆదోని ఉత్తర్వు జీపులోనే ఉంది, తేదీ వెయ్యడమే మిగిలింది. ఏసుపాదం గోడ గడియారం వంక చూశాడు. పన్నెండూ ఇరవై.

ఆ చూపుకి నాకు ఉండ్రాజవరం రైతు గుర్తొచ్చాడు. పుస్తకం తీసి ముప్పై ఏడో నిబంధన దగ్గర తెరిచి అధ్యక్షులవారి ముందు పెట్టాను. ఈ ఉద్యోగి ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో కార్యాలయంలో చేసిన ఆలింగనం ఒక్కటే. కనుక ఇది ఒకే సంచి గల సరుకు. యంత్రమున పరీక్షింపరాదు. కంటితో చూచి ఆమోదింపవలెను. చూడడానికి కెమెరా బొమ్మ ఉంది.

ఆయన రెండుసార్లు చదివారు. ముఖం విచ్చుకుంది. నిబంధన దొరికినప్పుడు ఆయనకి కలిగే సంతోషం నిజమైంది, దానికి వంక పెట్టలేను. విజయవాడ నుంచి ఆ బొమ్మ సెల్‌ఫోనుకి తెప్పించి, ఫోను బల్ల మీద పెట్టుకుని చూశారు. ఇద్దరు నెరిసిన తలలవాళ్ళు, కింద ఒక టీ ట్రే. చాలాసేపు చూశారు. ఆమోదితమని రాశారు. రాసి, ఇంకో వాక్యం చేర్చారు: ‘రెండవ పర్యాయము జరిగినచో ఇది లాటుగా పరిగణింపబడి, ఉద్యోగి ఎట్టి విచారణ లేకుండ ఆదోని డిపోకు పంపబడును.’

పన్నెండూ నలభై అయింది. ఏసుపాదం సైకిలు తీసుకుని పరిగెత్తినంత పని చేశాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, మరియమ్మ పది నిమిషాలు ఆలస్యమెందుకైందని అడిగిందని చెప్పాడు. ఏం చెప్పావన్నాను.

“మిమ్మల్ని కొలుస్తున్నారని చెప్పానండి. కొత్త చొక్కా కుట్టిస్తున్నారేమో అందండి,” అన్నాడు.

సెప్టెంబరులో రాజు గారి తల్లి పోయారు. భీమవరం దగ్గర వాళ్ళ ఊళ్ళో పదకొండు రోజులూ అయిన మర్నాడే, జిల్లా సమీక్ష ఉందని ఆయన ఆఫీసుకి వచ్చారు. గుండు మీద వాన చినుకులున్నాయి. హాల్లో తలలు ఫైళ్ళలోకి వంగాయి. నేను గదిలోకి వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు పెట్టి, తప్పదు గనక సెలవు ఫారం కూడా పెట్టాను. ఆయన దాన్ని చూశారు. ఫిబ్రవరి గుర్తొచ్చిందనుకుంటాను. సంతకం చేసి, ఆదివారం ఒకటే కదండీ అన్నారు. ఒకటేనన్నాను.

ఆయన బయటికొచ్చి నేరుగా ఆగ్నేయ మూలకి నడిచారు. రిజిస్టరు తెరిచారు. పేరు, సమయం రాశారు. దుఃఖ కారణం గడిలో ‘అమ్మ’ అని రాశారు. వంగి సంచిని పట్టుకున్నారు.

వానాకాలం గదా, ఎలుకలు దాని కుట్టు ఎప్పుడో కొరికేశాయి. ఆయన బిగించేకొద్దీ ఊక సన్నగా ఆయన బూట్ల మీద పడడం మొదలెట్టింది. ఆయన వదల్లేదు. సంచి మెల్లగా కుంగి, నడుం దగ్గర మడత పడి, చివరికి ఆయన చేతుల్లో గుడ్డ మాత్రం మిగిలింది. యాభై నాలుగేళ్ళ మనిషి, డివిజన్‌కి పెద్ద, గుండు మీద ఫ్యాను గాలి వేస్తుండగా ఊకలో నిలబడి ఖాళీ గోనె పట్టుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు.

ఏసుపాదం గుమ్మంలో టీలతో ఆగాడు. రిటైరు కావడానికి ఇంకా ముప్పై ఎనిమిది రోజులుంది. ఆదోని అతనికి గుర్తులేదని నేననుకోను. అతను నా వంక చూడలేదు, కెమెరా వంకా చూడలేదు. ట్రే కింద పెట్టాడు.

నేను లేచి తలుపు దగ్గరి స్టూలు తీసుకుని కెమెరా కిందికి వెళ్ళాను. నా వయసుకి స్టూలెక్కడం తేలిక కాదు. రెండో కాలు పెట్టేసరికి స్టూలు ఊగడం మానేసింది, చూస్తే కనకవల్లి గారు పట్టుకుని ఉంది. భుజం మీది కండువా తీసి కెమెరా కంటికి కప్పి, తుడవడం మొదలుపెట్టాను. బాగా తుడిచాను. నా వీపు వెనక ఏం జరిగిందో నేను చూడలేదు గనక రాయలేను. ఎంతసేపో మాత్రం ఈసారి తెలుసు, గడియారం ఎదురుగా ఉంది. నాలుగు నిమిషాలు. పై హోదాకి, అనుమతి లేకుండా, ప్రమాణానికి అరవై రెట్లు.

నేను దిగేసరికి రాజు గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఏసుపాదం ఊక ఊడుస్తున్నాడు. టీ చల్లారిపోయిందని, మళ్ళీ తెస్తానని అతను అన్నాడు.

మూడో రోజున ఉత్తరం వచ్చింది. ‘విషయం: తణుకు డివిజనల్ కార్యాలయము – కెమెరా నాలుగు నిమిషములు చీకటిగా నుండుట – సంజాయిషీ కోరుట – గురించి.’ ఎప్పటిలాగే సంజాయిషీ రాయడానికి కాగితాలు తీసుకుని రాజు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన అప్పటికే రాసేశారు. ఇక్కడికొచ్చిన పన్నెండేళ్ళలో ఆయన సొంత చేత్తో సంజాయిషీ రాయడం అదే మొదలు. ఒకటే వాక్యం: ‘దుమ్ము పట్టినందున తుడిపించితిని.’ కింద నిండు సంతకం.

నేను చదివి ముద్ర కోసం చెయ్యి చాపాను. ఆయన కాగితం వెంటనే ఇవ్వలేదు.

“రామలింగం గారూ, దుమ్ముకి మనకి ప్రమాణాలేమన్నా ఉన్నాయా?”

“ఇప్పటిదాకా లేవండి.”

“అయితే ఇవాళే పంపించేయండి,” అన్నారు.

కాగితం పట్టుకుని హాల్లోకొచ్చాను. ఆగ్నేయ మూల కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద ఫ్యాను ఊరికే తిరుగుతోంది. పన్నెండున్నర అయింది. బయట ఏసుపాదం సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించింది.